నాలుగువందల పన్నెండు శాతం గుర్తులు

లెక్కల టీచరు దుప్పటిని నాలుగు మడతలు వేసి ఇస్త్రీ చేస్తోంది. పక్క బల్ల మీద కంప్యూటరు ఆమె రాసిన జ్యామితి పుస్తకాన్ని పేజీలుగా మలుస్తోంది. దుప్పటిని రెండో వైపు తిప్పేసరికి తొంభై ఆరు పేజీలూ సిద్ధమయ్యాయి.

ఆ రోజు పని పెద్దదేమీ కాదు. అన్నయ్య ఆఫీసుకి వెళ్తూ దారిలో జిరాక్స్ షాపులో పుస్తకం అచ్చు తీయించి, బడిలో హెడ్మాస్టరుకి ఇవ్వాలి. ఆయన ప్రతి పేజీ కిందా "చదివి, సరిచూశాను" అని రాసి సంతకం పెట్టాలి. సాయంత్రం అయిదులోపు అది పాఠ్యపుస్తకాల కమిటీకి చేరాలి. అదే ఆఖరి తేదీ.

"అట్ట మీద ఎవరి పేరు?" బఠాణీలు ఒలుస్తూ అమ్మ అడిగింది. వారం రోజులుగా రోజూ అడుగుతున్న ప్రశ్నే.

"హెడ్మాస్టరు గారిది. ముక్కూమొహం తెలియని పేరైతే కమిటీ వాళ్ళు చూడరట."

"మరి నీది?"

"లోపల ఉందిగా. 'టైపు సహాయం' అని."

"మూడేళ్ళపాటు టైపు చేశావన్నమాట," అని అమ్మ ఒక బఠాణీని గిన్నెలోకి కాస్త గట్టిగానే విసిరింది.

టీచరు దుప్పటి అంచు సరిచేసింది. ఇంట్లోనూ బడిలోనూ ఆమె ఎక్కువ మాట్లాడదు. మాట్లాడవలసినదంతా పుస్తకంలోనే రాసుకుంది, ఎవరికీ కనపడకుండా.

ఆమె పుస్తకం రాసింది లేటెక్ అనే కంప్యూటరు పద్ధతిలో. అందులో రాసేటప్పుడు పుస్తకం పుస్తకంలా ఉండదు. పాఠమూ, దాన్ని ఎలా అమర్చాలో చెప్పే ఆజ్ఞలూ కలిసి వరుసలు వరుసలుగా ఉంటాయి. వాటిని చదివి కంప్యూటరే పేజీలు కడుతుంది. టీచరు ఒద్దికైన మనిషి. అధ్యాయానికొక ఫైలు పెట్టుకుంది. బొమ్మల నంబర్లు చేత్తో వేయదు. మధ్యలో ఒక బొమ్మ చేరినా మిగిలినవన్నీ వాటంతటవే జరిగి కూర్చుంటాయి. రచయిత పేరు ఒక్కచోటే రాస్తుంది. అట్ట మీదా, లోపలా, ప్రతి పేజీ నెత్తినా అదే వస్తుంది. రోజూ పని అయ్యాక తేదీ వేసి ఒక నకలు దాస్తుంది.

ఇంకొక సదుపాయం కూడా ఉంది. వరుసలో ఎక్కడైనా శాతం గుర్తు పెడితే అక్కడి నుంచి ఆ వరుస చివరిదాకా ఉన్నది ఫైల్లో ఉంటుంది కానీ అచ్చులోకి రాదు. రాసేవాళ్ళు తమకోసం గమనికలు రాసుకోవడానికి ఆ ఏర్పాటు. టీచరు దాన్ని మూడేళ్ళపాటు కడుపునిండా వాడుకుంది.

ముందురోజు సాయంత్రం హెడ్మాస్టరు ఫోనులో ముందుమాట పంపించారు. ఎక్కడా ఆగని ఒకటే పేరా: "ఈ పుస్తకం 100% నా సొంత కృషి, నా నిద్రలేని రాత్రుల ఫలితం..." టీచరు దాన్ని ఉన్నదున్నట్టు అతికించింది. నిజమైన శాతం గుర్తు అచ్చులో రావాలంటే దాని ముందు ఒక వాలు గీత పెట్టాలి. అది పెట్టడం మర్చిపోయింది. మర్చిపోయాననే ఆమె అంటుంది.

"అన్నయ్యా, ఫైలు సిద్ధంగా ఉంది. హెడ్మాస్టరు గారి ఫోనుకీ ఒకటి పంపాను. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళడమే నీ పని. దేన్నీ ముట్టుకోకు," అని చెప్పి టీచరు బస్సుకి పరిగెత్తింది.

అన్నయ్య ఒక ఆఫీసులో టైపిస్టు. ఏ పనికైనా దగ్గరిదారి ఉంటుందని అతని నమ్మకం. అందుకే స్నేహితులు అతన్ని షార్ట్‌కట్ అని పిలుస్తారు. అతను బూట్లు వేసుకుంటుండగా ఇంటి ఫోను మోగింది.

"ఏమయ్యా, మీ చెల్లెలు పంపిన పుస్తకం చూస్తున్నాను. నా ముందుమాట 'ఈ పుస్తకం 100' అని ఆగిపోయింది! ఏమిటి వంద? నా కృషి ఏమైంది?"

"ఇప్పుడే సరిచేస్తాను సర్. చిటికెలో పని."

"వద్దన్నది కదరా," అంది అమ్మ.

"ముట్టుకోవద్దంది. నేను తుడుస్తానంతే."

ముందుమాట ఫైలు తెరిచాడు. వంద దాకా అక్షరాలు నల్లగా ఉన్నాయి. శాతం గుర్తు నుంచి బూడిద రంగు. అధ్యాయాలు తెరిచాడు. ఎక్కడ చూసినా శాతం గుర్తు, దాని వెనక బూడిద రంగు. విషయం అతనికి అర్థమైపోయింది.

"చూశావా అమ్మా? జ్యామితిలో శాతాలతో పనేమిటి? ఈ గుర్తు వల్ల సగం పుస్తకం ఎగిరిపోయింది! పాపం, హెడ్మాస్టరు గారు చూశారు కాబట్టి సరిపోయింది."

"ఆ బూడిద రంగులో ఏం రాసుందో ఒకసారి చదవరాదూ?"

"చదువుతూ కూర్చుంటే ఆఫీసుకి ఎప్పుడెళ్ళను?"

అన్ని ఫైళ్ళలోనూ శాతం గుర్తుని వెతికి తీసేయమన్నాడు. నాలుగువందల పన్నెండు తీసేశానని కంప్యూటరు చెప్పింది. ముందుమాటలో మాత్రం తన సొంత చేతులతో "నూటికి నూరు శాతం" అని అక్షరాల్లో రాశాడు. పుస్తకం నూట పద్నాలుగు పేజీలై బయటికొచ్చింది.

మధ్యాహ్నానికి అది హెడ్మాస్టరు బల్ల మీదుంది. ముందుమాట రెండుసార్లు చదువుకున్నారు. తరవాత పుస్తకాన్ని చేత్తో తూచి, "లావెక్కిందే! చూడ్డానికి బాగుంది," అన్నారు. పక్కనే ఉన్న టీచరు బల్ల మీద నుంచి ఆమె ఆకుపచ్చ పెన్ను అందుకుని, అరగంటలో నూట పద్నాలుగు సంతకాలూ పెట్టి, పెన్ను అలవాటుగా తన జేబులో పెట్టుకున్నారు. అప్పుడు టీచరు ఏడో తరగతికి త్రిభుజాలు చెబుతోంది.

సాయంత్రం అన్నయ్య జిరాక్స్ షాపులో తీయించిన రెండో కాపీ తెచ్చి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"నీ పుస్తకాన్ని నేను కాపాడానమ్మా. నూట పద్నాలుగు పేజీలూ కమిటీకి క్షేమంగా చేరాయి."

"తొంభై ఆరు కదా?"

"తొంభై ఆరు నీ లెక్క. నాలుగువందల పన్నెండు తప్పులు చేశావు. ఒక్కటీ మిగల్చకుండా తీసేశాను."

టీచరు కాపీ తెరిచింది. మొదటి అధ్యాయంలో, కోణానికి నిర్వచనం పక్కనే, తన మాటలు నల్లగా అచ్చయి ఉన్నాయి: "ఈ నిర్వచనం హెడ్మాస్టరు గారికి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి పిల్లలకే చెబుతాను. వాళ్ళకి త్వరగా అర్థమవుతుంది." ఆ కింద: "త్రిభుజం మరీ కోసుగా ఉందట, గుండ్రంగా చేయమన్నారు." అమ్మ కాపీ లాక్కుని పైకి చదవడం మొదలుపెట్టింది.

"'ఇక్కడ పిల్లలు ఎత్తుకీ వాలుకీ తేడా తెలియక తప్పు చేస్తారు. తప్పు వాళ్ళది కాదు, మన బొమ్మది. నిచ్చెన బొమ్మ వెయ్యాలి.' ఏమే, ఇది నాకూ అర్థమవుతోందే!"

అన్నయ్య కాలు కిందికి దించాడు. "కంప్యూటరు తప్పు అని చెబుదాం. వెళ్ళి కాళ్ళావేళ్ళా పడదాం. నీ దగ్గర నిన్నటి నకలు ఉంది కదా, మార్చి ఇచ్చేద్దాం."

టీచరు కాపీ తిరిగి తీసుకుని, పేజీలు తిప్పుతూ నలభయ్యో పేజీ దగ్గర ఆగింది. తరవాత నవ్వింది. ఆ నవ్వు చూసి అన్నయ్యకి ఇంకా భయమేసింది.

"కంప్యూటరు తప్పేమీ లేదు. రాసింది నేను. తెరిచింది నువ్వు. సంతకం పెట్టింది ఆయన. నేను ఎవరి కాళ్ళూ పట్టుకోను."

"ఉద్యోగం పోతుందే!"

"పోతే పోనీ. ఒక్క మాట కూడా అబద్ధం రాయలేదు."

శనివారం కమిటీ అధ్యక్షురాలు ఫోను చేసింది. టీచరు "అవునండి", "నేనేనండి", "లేదండి, పిల్లల గురించి రాసినవి తీయనండి" అని మూడే మాటలు మాట్లాడి పెట్టేసింది.

ఆదివారం పొద్దున్న ఆమె మళ్ళీ ఇస్త్రీ చేస్తుండగా హెడ్మాస్టరు వచ్చారు. ఆ ఇంటికి ఎప్పుడొచ్చినా పెన్నో పుస్తకమో ఏదో ఒకటి పట్టుకెళ్ళడం ఆయనకి అలవాటు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, కూర్చోమనకముందే కూర్చున్నారు. అన్నయ్య వంటింట్లోకి తప్పుకున్నాడు.

"కమిటీ వాళ్ళు నన్ను పిలిచి సంజాయిషీ అడిగారమ్మా. ఈ వయసులో నాకిదేం ఖర్మ? ఒక ఉత్తరం రాసివ్వు. నేను పెట్టిన సంతకాల పుస్తకం వేరు, నువ్వు పేజీలు మార్చేశావు, అంతే."

"నేను మార్చలేదు సర్."

"రాస్తే నీకు మంచిది. లేకపోతే నీ ఉద్యోగం సంగతి నేను చూసుకోవలసి వస్తుంది."

"నలభయ్యో పేజీ చూడండి సర్," అని టీచరు కాపీ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన సంతకాలున్న పేజీలకే కమిటీ తీసి పంపిన నకలు అది. పేజీ మధ్యలో ఇలా ఉంది: "ఈ పేజీ హెడ్మాస్టరు గారు చదవరు. కావాలంటే పందెం." దాని కింద ఆకుపచ్చ సిరాతో: "చదివి, సరిచూశాను."

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. వాక్యం మారలేదు.

"పుస్తకం అచ్చు వేస్తారట సర్. పిల్లల తప్పుల గురించి రాసినవన్నీ ఉంచమన్నారు. మీ గురించి రాసినవి తీసేస్తాను, అవి సిలబస్‌లో లేవు. రాసినవాళ్ళ పేరు సరిచేసి ఈ రోజే ఫైలు పంపమన్నారు."

ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టి కంప్యూటరు ముందుకి వెళ్ళింది. ఒక్క వరుసలో ఒక పేరు తీసి ఇంకో పేరు రాసింది. అట్ట మారింది, లోపలి పేజీ మారింది, ప్రతి పేజీ నెత్తీ మారింది. వంటింటి గుమ్మంలోంచి అమ్మ తొంగి చూసి, "ఇంత సులువా!" అంది.

"నా ముందుమాట?" హెడ్మాస్టరు అడిగారు.

"మీరు పంపినది పంపినట్టే పెట్టాను సర్. ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు."

ఆయన తెర మీదికి వంగి చూశారు. తెల్లటి పేజీ మీద, పైన, ఒకటే వరుస ఉంది: "ఈ పుస్తకం 100". కింద ఆయన పేరు.

హెడ్మాస్టరు లేచారు. జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీసి బల్ల మీద పెట్టారు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆ ఇంటి నుంచి ఆయన తన వస్తువులు మాత్రమే పట్టుకెళ్ళడం అదే మొదటిసారి.