రాజు గారు ఆగమన్నారు

"తొందరపడి ప్రాసెసర్ కొన్నవాడు ఈ భూమండలం మీద బాగుపడినట్టు చరిత్రలో ఎక్కడా లేదు!"

మొగల్తూరు రొయ్యల రైతుల సంఘం ఆఫీసులో, టీ గ్లాసు బల్ల మీద పెట్టి మరీ మాధవరాజు గారు ఈ ప్రకటన చేశారు. ఎదురుగా కూర్చున్న మేత కొట్టు శ్యాంబాబు అడిగింది భూమండలం సంగతి కాదు. కొట్లో బిల్లులు కొట్టే కంప్యూటర్ మొరాయిస్తోంది, కొత్తది కొనమంటారా ఆగమంటారా అని, అంతే.

రాజు గారు చరిత్రలోంచి బయటికొచ్చి విడమరిచి చెప్పారు. ఇప్పుడున్న ప్రాసెసర్ కొనకూడదు, ఎందుకంటే కొత్తది రాబోతోంది. కొత్తది రాగానే పాతదాని రేటు పడుతుంది. అప్పుడు పాతది కొనకూడదు, అది పాతది కాబట్టి. కొత్తదీ కొనకూడదు, దాని రేటు ఇంకా పడలేదు కాబట్టి. అది పడేదాకా ఆగితే ఈలోగా దాని తరవాతది రానే వస్తుంది. అర్థమైందా అని అడిగారు. కొనకూడదన్న ముక్క మాత్రం శ్యాంబాబుకి బాగా అర్థమైంది.

రేట్ల విషయంలో రాజు గారి మాటకి ఊళ్లో తిరుగులేదు. ఒకప్పుడు రొయ్యల రేటు దిగజారిపోయి, ఉన్న సరుకు ఉన్నట్టు పట్టేసుకుందామని ఊరంతా కంగారుపడుతుంటే ఆయనొక్కరే ఆగమన్నారు. ఆగారు. రేటు లేచింది. నిజానికి ఆయన ఆగింది ఆవేళ పట్టుబడికి వలలవాళ్లు దొరక్క. ఆ సంగతి తరవాత ఆయనే మరిచిపోయారు, ఊరికెలా గుర్తుంటుంది? అది మొదలు బంగారం, సిమెంటు, ఫ్రిజ్‌లు, చివరికి ప్రాసెసర్లు కూడా ఆయన పరిధిలోకి వచ్చేశాయి. పొద్దున్నే ఫోన్‌లో కిలోకి ముప్పై తూగే ముప్పై కౌంట్ రొయ్య రేటు చూడ్డం, ఆ వెంటనే ప్రాసెసర్ రేటు చూడ్డం. రెండోది ఎంత తగ్గితే ఆయనకి అంత సంతోషం. కొననివాడికి రేటు తగ్గితే వచ్చే సంతోషం కొన్నవాడికి ఎన్నటికీ రాదు.

ఈ సిద్ధాంతం వల్ల మొట్టమొదట నష్టపోయింది మాత్రం ఆయన సొంత కూతురు.

ప్రణతి చదువు ముగించి, ఇంట్లోంచే ఒక కంపెనీకి ఇళ్ల బొమ్మలు చేస్తోంది. కట్టబోయే ఇల్లు కట్టేశాక ఎలా ఉంటుందో, గోడ మీద ఎండ ఎలా పడుతుందో కంప్యూటర్‌లో చూపించాలి. ఇంటర్‌లో కొన్న కంప్యూటర్ అది. ఒక్క బొమ్మ కోసం మీట నొక్కి, స్నానం చేసి, పెసరట్టు తిని వస్తే అప్పటికి గుమ్మం మాత్రం తయారయ్యేది. సంక్రాంతిలోగా బొమ్మలు వేళకి పంపగలిగితేనే ఉద్యోగం ఖాయం చేస్తామని, లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటామని కంపెనీవాళ్లు చెప్పేశారు.

దసరాకి నాన్నగారిని అడిగింది. దీపావళికి తగ్గుతాయమ్మా, ఆగమన్నారు. దీపావళికి నిజంగానే తగ్గాయి. రాజు గారి ముఖం వెలిగిపోయింది. తగ్గడం మొదలైందంటే ఇంకా తగ్గుతుందని అర్థం, ఇప్పుడు కొంటే అంతకంటే తెలివితక్కువతనం లేదు అన్నారు.

"మరి అది అస్సలు పనిచెయ్యట్లేదండి నాన్నగారూ."

"పనిచెయ్యకపోవడం ఏంటమ్మా, ఎండబెట్టాలి."

ఆయన వేళాకోళం ఆడలేదు. ఒక పంట తీశాక చెరువు నీళ్లన్నీ తోడేసి, అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టడం ఆయనకి తెలిసిన వైద్యం. మురుగు చస్తుంది, చెరువుకి మళ్లీ సత్తువ వస్తుంది. ఇన్నేళ్లుగా రాత్రీపగలూ పనిచేసిన యంత్రానికి మాత్రం ఆ విశ్రాంతి అక్కర్లేదా? కార్తీకమాసపు ఎండలో, డాబా మీద, వడియాల పక్కన కంప్యూటర్‌ని పడుకోబెట్టారు. ఆయన భార్య రత్నమాణిక్యం గారు కాకులు వాలకుండా దానికీ ఓ గుడ్డ కప్పారు.

ఎండి, కిందికి దిగిన కంప్యూటర్ అసలు వెలగనేలేదు. ప్రణతి ఏడవలేదు, వాదించలేదు. "సరేనండి నాన్నగారూ" అని, ఓసారి దుమ్ము దులిపించుకొస్తానని నరసాపురంలో హరిబాబు షాపుకి పట్టుకెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చిన కంప్యూటర్ అదే పాత డబ్బా, మూల మీద అదే సొట్ట, చిన్నప్పుడు అమ్మాయి అంటించిన అదే సీతాకోకచిలుక బొమ్మ. కానీ మీట నొక్కితే ఇల్లు లేచి నిలబడుతోంది! గుమ్మం, గోడ, గోడ మీద ఎండ, అన్నీ ఆయన కళ్లజోడు సర్దుకునేలోగా.

"చూశావా ఎండ మహత్యం!" అన్నారు రాజు గారు. ప్రణతి ఏదో చెప్పబోయింది. రాజు గారు అప్పటికే చెప్పులు వేసుకుని సంఘం ఆఫీసుకి బయల్దేరిపోయారు.

ఆ శీతాకాలం మొగల్తూరులో డాబాల మీద వడియాల కంటే కంప్యూటర్లు ఎక్కువగా ఎండాయి. కొన్ని మునుపటిలాగే నడిచాయి, కొన్ని నడవలేదు. శ్యాంబాబుది మానిటర్‌తో సహా ఎండబెడితే ప్లాస్టిక్ వంకరపోయింది. ఎండ చాల్లేదన్నారు రాజు గారు. మళ్లీ ఎండబెట్టాడు.

ఈలోగా ఒక అన్యాయం జరిగింది. ప్రాసెసర్ల రేటు ఆయన చెప్పినట్టే కాస్త తగ్గింది గానీ, దానితోపాటు కొనాల్సిన మెమరీ రేటు ఆకాశానికి లేచి కూర్చుంది. తగ్గినదానికీ పెరిగినదానికీ పొంతనే లేదు. ఆగినవాళ్లు గొణుక్కోవడం మొదలెట్టారు. ఆ గొణుగుడు అణగాలంటే కళ్లెదుట రుజువు చూపించాలని సంఘం పెద్దలు తీర్మానించారు. ఫాల్గుణంలో సభ. రాజు గారికి శాలువా, ఎండబెట్టిన కంప్యూటర్ ప్రదర్శన. నోరు మూయించడానికి హరిబాబుకి కూడా పిలుపు వెళ్లింది, మూడు నెలలుగా అతని షాపులో ఈగలు తోలుకోవడం తప్ప వేరే పని లేదు మరి.

సభ రోజు పొద్దున్న ప్రణతి తండ్రి దగ్గరికొచ్చి, డబ్బా మాత్రం తెరవకండి నాన్నగారూ అంది. దిష్టి తగులుతుందని అమ్మాయి భయం కాబోలనుకుని ఆయన మురిసిపోయారు.

సభలో కంప్యూటర్‌ని తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద నిలబెట్టారు. ప్రణతి ఒక ఇల్లు లేపి చూపించింది. జనం చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆపితే పోయేది. కానీ రాజు గారు హరిబాబు వైపు తిరిగి, "ఏమయ్యా, అమ్ముకునేవాడివి నువ్వే చూడు. పాత ప్రాసెసరో కాదో నీ చేత్తోనే విప్పి, అందరికీ చెప్పు" అన్నారు.

హరిబాబు కదల్లేదు. "వద్దులెండి రాజు గారూ" అన్నాడు.

"విప్పవయ్యా!"

విప్పాడు. లోపల ఎర్రగా, నీలంగా, పచ్చగా మారుతూ కొత్త ఫ్యాను తిరుగుతోంది. తిరనాళ్లలో రంగులరాట్నంలా ఉంది. పాత సామాను అన్నదే లోపల లేదు.

"అంతా కొత్తదేనండి," అన్నాడు హరిబాబు నేల చూస్తూ. "కార్తీకంలో రాజు గారింటికి నేనే ఇచ్చాను. అప్పటి రేటుకే."

రొయ్యల ఊళ్లో జనానికి ఒక రకం రైతు బాగా తెలుసు. రేటు పెరుగుతుంది ఆగండర్రా అని ఊరందరికీ చెప్పి, తను మాత్రం తెల్లారకుండా వలలు దింపి సరుకు లారీ ఎక్కించేసే రకం. శ్యాంబాబు నెమ్మదిగా లేచాడు.

"అంటే మమ్మల్ని ఆపి, తమరు పట్టుబడి కానిచ్చేసుకున్నారన్నమాట."

రాజు గారికి నిజంగా ఏమీ తెలియదు. ఆ మాట అంటే చాలు, మోసగాడన్న నింద అక్కడికక్కడే పోతుంది. కానీ సొంత ఇంట్లో, సొంత బల్ల మీద, మూడు నెలలుగా ఏముందో తెలియనివాడికి దేశంలో రేట్లేం తెలుస్తాయని అడుగుతారు. మోసగాడు కావాలో, తెలివితక్కువవాడు కావాలో తేల్చుకోవలసి వచ్చింది.

ప్రణతి లేచి నిలబడింది. "నాన్నగారికి ఈ సంగతి..." అనబోయింది.

రాజు గారు చెయ్యెత్తి కూతుర్ని ఆపేశారు. జీవితంలో దేనికీ అంత తొందరపడలేదు.

"అవునయ్యా, కొన్నాను," అన్నారు. "అందరూ ఎగబడితే రేటు పెరగదూ? మీరు ఆగబట్టే నాకు ఆ రేటుకి దొరికింది. రేటు తెలిసినవాడు చేసే పనే చేశాను."

తిడతారనుకున్నారు. ఎవరూ తిట్టలేదు. శ్యాంబాబు కళ్లలో కోపం కాసేపు నిలబడి, మెల్లగా గౌరవంగా మారింది. ఎంత బుర్రండీ అని వెనక వరసలో ఎవరో అన్నారు. శాలువా కప్పారు. ఆ శాలువా కింద రాజు గారికి ఒళ్లంతా చెమట పట్టింది.

ఇంటికొచ్చాక చాలాసేపు ఆయన కూతురి గది గుమ్మంలో నిలబడ్డారు. కొత్త సామాను బొమ్మల మీద వచ్చిన డబ్బుతోనే కొందట, ఉద్యోగం సంక్రాంతికే ఖాయమైందట. ఆ కబురూ ఆయనకి ఇప్పుడే తెలిసింది.

"నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా అమ్మా?"

"చెప్తే ఆగమంటారు కదండి," అంది ప్రణతి. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, అందుకే ఆయనకి ఎక్కువ నొచ్చింది.

అప్పుడే ఫోన్ మోగింది. శ్యాంబాబు. ఇప్పుడు కొనమంటారా ఆగమంటారా అని. రాజు గారు గదివైపు చూసి, గొంతు తగ్గించి, అలవాటు చొప్పున "ఆగవయ్యా" అన్నారు.

"అర్థమైందండి," అన్నాడు శ్యాంబాబు.

ఈసారి నిజంగానే అర్థమైంది. రాజు గారు ఆగమన్నారంటే ఆయన మాత్రం కొనేస్తున్నారని ఊరికి తెలిసిపోయింది కదా. మర్నాడు హరిబాబు తలుపులు తీసేసరికి మొగల్తూరు సగం షాపు ముందు నిలబడి ఉంది. పెరిగిన మెమరీ రేటుకే, బేరమైనా ఆడకుండా పట్టుకుపోయారు.

వారం తిరక్కుండా నరసాపురం బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. శాలువాతో రాజు గారి నిలువెత్తు ఫోటో, ఎత్తిన చెయ్యి, కింద లావుపాటి అక్షరాలు: "రాజు గారు ఆగమన్నారు! త్వరపడండి! హరిబాబు కంప్యూటర్స్."

రాజు గారు కారు ఆపించి, దిగి, హరిబాబు మీద విరుచుకుపడదామనే షాపు మెట్లెక్కారు. కానీ ఎక్కుతూ ఇంకోసారి వెనక్కి చూశారు. ఫోటోలో నిండుగా ఉన్నారు. నుదుటి మీద ఎండ అచ్చం నిజం ఎండలాగే పడుతోంది.

"బొమ్మ బాగా కుదిరిందయ్యా," అన్నారు చివరికి. "ఎక్కడ చేయించావు?"

"మీ ఇంట్లోనేనండి," అన్నాడు హరిబాబు.