తాళాలాయన ఇచ్చిన సీసా

ఆ ఉదయం చెయ్యాల్సిన పని ఒక్కటే. పొద్దున్నే మొదటిసారి వచ్చే మూత్రం సీసాలో పట్టి, కూతురు పనిచేసే పరిశోధనశాలలో ఇవ్వాలి. తాళాలు బాగుచేసి బతికే మనిషికి అదేం పెద్ద పని కాదు. అయినా తాళాలాయన ఖాళీ సీసా పట్టుకుని స్నానాలగదిలో చెమటలు కక్కుతున్నాడు.

కూతురి పరిశోధన గుండె గురించి. ఆకుకూరలు, పప్పులు, పళ్ళు, గింజలు ఎక్కువగా తింటే గుండెకు ఎంత మేలో తేల్చాలి. మనుషుల మాట నమ్మరు. తిన్నది అరిగాక రక్తంలో, మూత్రంలో మిగిలే సూక్ష్మ పదార్థాలను యంత్రంలో పెట్టి చూస్తారు. మెటబొలైట్లు అంటారట వాటిని. ఎవరేం మింగారో అవి పూసగుచ్చినట్టు చెప్పేస్తాయి. చేరినవాళ్ళు పరిశోధన అయ్యేదాకా మాంసం, చేపలు ముట్టకూడదు. మనుషులు చాలక కూతురు తండ్రిని కూడా చేర్చింది. "ఇంట్లోవాళ్ళని తెస్తే వాళ్ళే ముంచుతారమ్మా. ఆయన తప్పు చేస్తే ఈ పనిలో నువ్వుండవు" అని పెద్ద డాక్టరు ముందే చెప్పాడు.

తాళాలాయన తప్పు చేశాడు. ఒక్కసారి కాదు. కొట్టు పక్కనే రొట్టెల బండి ఉంది. కూతురు కట్టిచ్చిన గిన్నె ఖాళీ చేశాక, రోజూ దాని మీద మాంసం కూరిన రొట్టె ఒకటి. ఇప్పుడు సీసా నింపితే కూతురి ఉద్యోగానికి నీళ్ళొదిలినట్టే.

ఉపాయం పక్కింటి గోడ మీంచి కనిపించింది. రిటైరైన లెక్కల మాస్టారు మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు. జన్మలో నీచు ముట్టలేదని వీధంతా చాటుకునే మనిషి. ఎదురింట్లో చేపలు వేగితే తన కిటికీలు మూసుకుంటాడు.

"మాస్టారూ, షుగర్ పరీక్ష చేయించుకుంటారా? మా అమ్మాయి దగ్గర. ఉచితం."

"ఉచితమా?" మాస్టారు నీళ్ళ గొట్టం వదిలేశాడు. "ఏం కావాలి?"

తాళాలాయన సీసా చూపించాడు.

"ఒక్కటి చాలా? ఇంకోటి కూడా పట్టుకెళ్ళండి, ఉచితమేగా!"

పరిశోధనశాలలో కూతురు సీసా అందుకుని, "చెయ్యి చాపు నాన్నా" అంది.

"ఎందుకే?"

"రక్తానికి. ఆఖరి రోజు రెండూ తీస్తామని చెప్పానుగా."

తాళాలాయన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "నా రక్తం ఎక్కడికి పోతుందే, రేపు చూద్దాంలే."

"కూర్చో నాన్నా."

సూది దిగింది. పక్కింటి మూత్రం, సొంత రక్తం పక్కపక్కన పెట్టెలో కూర్చున్నాయి. ఆ రాత్రి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు.

చివరికి పిలుపొచ్చింది. పెద్ద డాక్టరు బల్ల మీద రెండు కాగితాలు పరిచి కూర్చున్నాడు. పక్కన కూతురు, పాలిపోయిన మొహంతో.

"మీ రక్తం చూస్తే మేక కూడా సిగ్గుపడాలి. అంతా ఆకులే, గింజలే. మూత్రం చూస్తే చేపల రేవు. ఒక ఒంట్లో ఇద్దరు కాపురం ఉండరు కదండీ?"

తాళాలాయన బుర్ర తిరిగిపోయింది. రక్తం పట్టిస్తుందనుకుంటే మూత్రం పట్టించింది. అబద్ధానికి నోరు తెరిచేలోపే తలుపు తోసుకుని మాస్టారు వచ్చాడు. వెనకే ఆయన భార్య.

"నా షుగర్ రిపోర్టేదీ? సీసా ఇచ్చి ఎన్నాళ్ళయింది! ఉచితమైతే మాత్రం ఇంత నిర్లక్ష్యమా?"

డాక్టరు కాగితం వంక, మాస్టారి వంక చూశాడు. "ఈ చేపలు మీవా?"

"చేపలా?" మాస్టారి భార్య ముందుకొచ్చింది. "గుండెకి మంచిదని రోజూ సాయంత్రం నడకకి వెళ్తున్నారుగా. ఎక్కడిదాకా నడుస్తున్నారేంటి?"

మాస్టారికి లెక్క తప్పింది.

డాక్టరు తాళాలాయన వైపు తిరిగాడు. "తేడా పట్టుకుని నా దగ్గరికి తెచ్చింది మీ అమ్మాయే. అందుకని ఆవిడ ఉంటుంది. మీరు వెళ్ళండి. ఇక మీ సీసాలు మాకొద్దు."

బయట మెట్ల మీద, వెంట వచ్చిన కూతురితో తాళాలాయన గొణిగాడు. "అదంతా సరేనే. మరి నా రక్తం..."

"రొట్టెల బండి ఆయనతో మొదటిరోజే మాట్లాడాను. నీ రొట్టెలో పుట్టగొడుగులు, సోయా ముక్కలు కూరమన్నాను. అవీ మేం తినమన్నవే. నువ్వు ఆగవని నాకు తెలుసు."

"కన్నతండ్రినే నమ్మలేదన్నమాట!"

"ఆ సీసా ఎవరిది నాన్నా?"

తన సీసా తాను నింపి ఇచ్చి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. తాళాలాయన మెట్లు దిగి, తిన్నగా బండి దగ్గరికి నడిచాడు.

"దొంగవెధవా! ఇన్నాళ్ళూ నాకు పుట్టగొడుగులు పెడతావా? ఇవాళ అసలు మాంసం పెట్టు. నా కళ్ళెదుట కూరు."

"మీ అమ్మాయి బతిమాలింది బాబాయ్, నేనేం చేసేది?" అంటూ బండివాడు ముక్కలు వేయించి, కూరి, చేతికిచ్చాడు. తాళాలాయన కళ్ళు మూసుకుని కొరికాడు. నమిలాడు. మొహం చిట్లించాడు.

"ఇది కల్తీరా" అని తిరిగిచ్చేశాడు.