మా ఆవిడ బస్సెక్కితే వాన

నవ్వితే నవ్వండి గానీ, మా ఊరికి వాన ఎందుకు రావడం లేదో మొట్టమొదట కనిపెట్టింది నేనే.

ఆ ఏడు మృగశిర కార్తె ఎండిపోయింది. ఆరుద్ర మొహం చాటేసింది. ఇక మిగిలింది పునర్వసు. అదీ తప్పితే శనక్కాయ విత్తనం భూమిలోకి పోదు, ఏడాది పొడుగునా మా నోట్లోకీ ఏమీ పోదు. అరుగు మీద కూర్చుని మబ్బు కోసం చూస్తూ చూస్తూ ఉండగా బుర్ర వెలిగింది. నిరుడు మా ఆవిడ హనుమంతమ్మ యాడికి అనే ఊళ్లో పుట్టింటికి పోయింది, మర్నాడే వాన. ముందటేడు పోయింది, ఆ సాయంత్రమే వాన. ఇంకేం కావాలి రుజువు?

“మే, ఒకసారి యాడికి పోయిరా. మీ అమ్మను చూసి శానా దినాలాయె” అన్నాను.

“మా అమ్మ ఈడనే ఉండాది గదయ్యా. నీ ఎదురుగానే కూసోని విత్తనం ఒలుస్తాండాది.”

నిజమే. మా అత్త తలెత్తి చూసి మళ్లీ కాయలు ఒలవసాగింది. దాచి లాభం లేదని నా సిద్ధాంతం విప్పాను. హనుమంతమ్మ అంతా విని, “ఈ కరువులో పుట్టింట్లో వదిన ముందర కంచం పెట్టుకోని కూసోమంటావా? నేను పోను” అంది. ఆ మాటలో రోషం ఉంది. నేను పట్టించుకోలేదు.

నేరుగా లాపాయింటు ముత్యాలప్ప దగ్గరికి పోయాను. ఆయన జన్మలో కోర్టు గుమ్మం తొక్కలేదు గానీ, ఊళ్లో ఏ తగువైనా ఆయన తీర్పుతోనే తెగుతుంది. విని మీసం దువ్వి, “పాయింటు ఉండాదప్పా రామదాసూ” అన్నాడు.

మధ్యాహ్నానికి ఊరు ఊరంతా మా వాకిట్లో ఉంది. ఒకాయన బండి కట్టుకొచ్చాడు. ఒకావిడ దారిలో తినమని రొట్టెలు మూటగట్టి తెచ్చింది. హనుమంతమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

“ముత్యాలప్ప మామా, నేను ఊరికి పోయినపుడు వాన పడిన మాట నిజమే. ఆ పొద్దు ఈ ఇంట్లో రాగి సంగటి కెలికింది ఎవురు?”

అందరూ నావైపు చూశారు.

“నేను బస్సెక్కినందుకు పడిందో, ఈయప్ప సంగటి కెలికినందుకు పడిందో, ఎట్ల తెలుస్తాది మామా?”

“సంగటికీ వానకూ ఏం సంబంధం మే?” అన్నాను.

“నా బస్సుకూ వానకూ ఉండే సంబంధమే.”

పదేళ్లు కాపురం చేసిన మనిషిని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు నోరు తెరుచుకుని చూశాను.

ముత్యాలప్ప మళ్లీ మీసం దువ్వాడు. “కోడలు పోతే నువ్వూ కెలకాల్సి వస్తాది. అప్పుడు ఏది కారణమో తేలదు. కాబట్టి కోడలు ఈడనే ఉంటాది, నువ్వు కెలుకు.”

“ఊరికంతా కెలికితే వాన గూడా పెద్దది పడ్తాది” అని వెనకనుంచి ఎవరో అన్నారు.

ఇంటింటి నుంచీ రాగిపిండి వచ్చింది. పెళ్లిళ్ల గుండిగ వచ్చింది. పొగకు కళ్లు పోయాయి, తెడ్డుకు చేతులు బొబ్బలెక్కాయి. ఊరంతా తిని కూర్చుంది. ఆకాశంలో చుక్కలు వచ్చాయి గానీ చినుకు రాలేదు.

“చూసినారా? సంగటికీ వానకూ సంబంధం లేదు” అన్నాను, నడుం పట్టుకుని.

ముత్యాలప్ప తన ముద్దను వేళ్లతో చిదిమి చూశాడు. “ఉండ కట్టిందప్పా. ఇట్ల కెలికితే వాన ఎట్ల వస్తాది? రేపు సరిగ్గా కెలుకు.”

రేపూ కెలికాను, ఎల్లుండీ కెలికాను. పునర్వసు అయిపోవచ్చేసరికి నా సంగటి వెన్నలా జారుతోంది. ఆ సాయంత్రం తూర్పున మబ్బు నల్లగా లేచింది. మట్టివాసన ముందొచ్చింది, వెనకే వాన. తెడ్డు పట్టుకునే వీధిలోకి పరిగెత్తాను. ఊరంతా తడుస్తోంది. ముత్యాలప్ప తలపాగా తీసి చేతులు జోడించాడు. హనుమంతమ్మ మొహం పైకెత్తి నిలబడింది. ఏది వానో ఏది కన్నీరో తెలియలేదు. నాకూ ఏడుపొచ్చింది.

“నిజం చెప్పు మే, సంగటికే పడిందంటావా?”

“ఎందుకు పడిందో దేవునికెరుక. రేపు విత్తనం వేసేకి కూలోళ్లు వస్తారు, వాళ్లకూ నువ్వే కెలుకు” అంది. “వాన పడింది గదా, ఇంకెందుకు?” అన్నాను.

“మానేస్తే నిలిచిపోతాదేమో. సంగటికే పడిందా అని నువ్వే గదా అడిగినావు.”

పిండి జల్లించడానికి లోపలికి నడిచాను.