పిడిలో గళ్ళ చొక్కా

"ప్రపంచమంతా ఇక ఒక్కటే బజారు! ఆ బజారులో చిన్న వ్యాపారికే పెద్దపీట!"

చిన్న పరిశ్రమల శాఖవారు ఈ మాటను ఎంత పెద్ద అక్షరాలతో రాయించారంటే, ఆ బ్యానరు పట్టడానికి హాల్లో సగం కుర్చీలు తీసేయవలసి వచ్చింది. అందుచేత చిన్న వ్యాపారులంతా నిలబడ్డారు. మిగిలిన కుర్చీలు వేదిక ఎక్కాయి.

నిలబడ్డవాళ్ళలో సంచులావిడ ఒకతె. అద్దెగదిలో రెండు కుట్టుమిషన్లు పెట్టుకుని, ఆడపడుచుతో కలిసి రకరకాల రంగుల గుడ్డసంచులు కుడుతుంది. ప్రతి శుక్రవారం ఒక టోకు వ్యాపారి వచ్చి సరుకంతా ఎత్తుకెళ్తాడు. మొన్న శుక్రవారం ఆయన పెదవి విరిచేశాడు. "మీ సంచుల్ని బయట పిల్లి కూడా వాసన చూడ్డం లేదమ్మా. రేటు సగానికి దించకపోతే వచ్చే నెల నుంచి రాను" అన్నాడు. ఆయన రాకపోతే మిషన్లు ఆగుతాయి, గది ఖాళీ చేయాలి. శాఖవారు పెట్టబోయే ప్రదర్శనలో ఒక స్టాలు దొరికితే విదేశీ కొనుగోలుదారులు నేరుగా తన దగ్గరికే వస్తారని ఆవిడ ఆశ. ఆ ఆశతోనే రెండు గంటలుగా ఒంటికాలి మీద నిలబడి ఉంది.

ఆనాటి అంశం, వందరకాల జనం కలిసి బతికే ఒక స్వేచ్ఛా వ్యాపార దేశంతో చిన్న వ్యాపారులకు గల అవకాశాలు. ఆ దేశపు ప్రతినిధిగా వచ్చిన మేడమ్‌కు శాఖాధికారి పదకొండు భాషల్లో స్వాగతం పలికారు. అవి నేర్చుకోవడానికి ఆయనకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆఫీసులో ఒక్క ఫైలు కదలలేదు. మేడమ్ పదకొండింటికీ ఓపిగ్గా నవ్వింది. ఆమె భాష మాత్రం వాటిలో లేదు.

తరువాత 'ఆదర్శ ఎగుమతిదారు' బహుమతి ప్రకటించారు. అందుకోవడానికి మెట్లెక్కిన మనిషిని చూసి సంచులావిడ నోరు తెరిచేసింది. సాక్షాత్తూ శుక్రవారం మనిషే! ఆయన కూడా ఈవిడను చూశాడు. చూసి, హాలు పైకప్పును చాలా శ్రద్ధగా పరిశీలించసాగాడు.

చివరికి స్టాళ్ళ కోసం సరుకు పరీక్ష మొదలైంది. అధికారి ఆవిడ సంచిని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు.

"ఇటు ఆకుపచ్చ, అటు పసుపు. ఏం సంచమ్మా ఇది? రకరకాల జనం ఉండే దేశానికి ఇలా రెండు రంగుల సరుకు పంపితే మన పరువేం కాను? అన్నీ ఒక్కలా ఉండాలి. ఇదిగో, నాణ్యతంటే ఇదీ" అంటూ మేడమ్ కుర్చీకి తగిలించిన బూడిదరంగు సంచి తెచ్చి చూపించారు. "పెద్దలకి కానుకలుగా ఇద్దామని ఆ దేశం నుంచే తెప్పించాం."

ఆ దేశానికి సరుకు అమ్మే పనిలో శాఖవారు వేసిన మొదటి అడుగు, ఆ దేశం నుంచి సరుకు కొనడం.

ఆవిడ సంచి అందుకుంది. పిడి మీద వేలు పడగానే ఆగి, దాన్ని నొక్కి నొక్కి చూసింది.

"సార్, ఇది నేను కుట్టిందే."

"నీకు పాస్‌పోర్టు ఉందా?"

"లేదు సార్."

"మరి అంత దూరం వెళ్ళి ఎలా కుట్టావు?"

అందరూ నవ్వారు. ఆవిడ నడుముకు దోపుకున్న చిన్న కత్తెర తీసి, పిడికి నాలుగు కుట్లు విప్పింది. లోపల నుంచి నీలిగళ్ళ గుడ్డ పేలిక బయటికి వచ్చింది.

"ఇది మా మామగారి చొక్కా. పిడి గట్టిగా ఉండాలని లోపల పెడతాను. కొత్తగుడ్డయితే జారిపోతుంది. బాగా ఉతికిన పాతగుడ్డయితే పట్టుకుంటుంది."

దుబాసీ చెప్పగా విని మేడమ్ లేచి వచ్చింది. ఆ పేలికను వేళ్ళతో తడిమి చూసి, ఈమె దుకాణం ఎక్కడని అడిగింది. అధికారి గబుక్కున మధ్యలోకి వచ్చారు. "అలాంటి వివరాలు శాఖ ద్వారానే ఇవ్వాలి మేడమ్" అని ఆమెను కాఫీకి సాగనంపి, ఇటు తిరిగారు.

"అయితే నీ సరుకు దేశం దాటిందన్నమాట. అంటే నువ్వు ఎగుమతిదారువి. చిన్న వ్యాపారుల స్టాలు నీకివ్వకూడదు."

"ఎగుమతిదారుల స్టాలే ఇప్పించండి సార్."

"దానికి లైసెన్సుండాలి. ఉందా?"

"లేదు సార్."

"లైసెన్సు లేకుండానే ఎగుమతి చేశావా! కేసు పెట్టనందుకు సంతోషించి వెళ్ళు."

ఇంటికి వచ్చేసరికి ఆడపడుచు గుమ్మంలోనే ఉంది. "స్టాలొచ్చిందా వదినా?"

"మన సంచి స్టేజీ ఎక్కిందే. నన్ను మెట్ల దగ్గరే ఆపేశారు" అని ఆవిడ మిషను మీద తల ఆన్చి ఏడ్చింది. ఏడుపు కన్నా మంట ఎక్కువగా ఉంది. సంగతంతా విన్న మామగారు మాత్రం, "నా చొక్కా దేశాలు తిరిగొచ్చిందా? నన్ను వీధి చివరిదాకా కూడా తీసుకెళ్ళరు కదా మీరు" అని నిష్ఠూరమాడారు.

మూడో రోజు అధికారి స్వయంగా ఆ అద్దెగది వెతుక్కుంటూ వచ్చారు. చేతిలో బూడిదరంగు సంచి.

"ఇది మేడమ్ గారిది. సాయంత్రం వెళ్ళిపోతున్నారు. నువ్వు విప్పిన పిడి అలాగే ఉంది. ముగ్గురు దర్జీలకి చూపించాను. విదేశీ సరుకు, మావల్ల కాదనేశారు."

"సార్, ఇప్పుడు నేను చిన్న వ్యాపారినా, ఎగుమతిదారునా?"

అధికారి వీధిలోకి ఒకసారి, గదిలోకి ఒకసారి చూశారు. "ప్రస్తుతానికి దర్జీవి. కుట్టు."

వదినా ఆడపడుచులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆడపడుచు లోపలికి వెళ్ళి, ఆ గళ్ళ చొక్కా నుంచే ఇంకో పేలిక కత్తిరించి, ఉతికినా పోని సిరాతో దాని మీద పేరు, వీధి, ఫోన్ నంబరు రాసి తెచ్చింది. ఏ దేశం వాళ్ళకైనా అంకెలు అంకెలే. ఆవిడ దాన్ని రాత కనబడకుండా మడిచి పిడిలో దూర్చి, మూడు కుట్లు బూడిదరంగు దారంతోనూ, ఆఖరి కుట్టు ఎర్ర దారంతోనూ వేసింది.

"ఈ ఎరుపేమిటి?"

"వందరకాల జనం కదా సార్, ఒక్క రంగైనా ఉండాలని."

అధికారి పిడిని రెండుసార్లు గట్టిగా లాగి చూశారు. ఊడలేదు.

"చూశావా, విదేశీ పనితనమంటే ఇదీ. చూసి నేర్చుకో" అని, ఆ సంచిని రెండు చేతులా భద్రంగా పట్టుకుని మేడమ్‌కు అందించడానికి బయలుదేరారు.