మూడు నిమిషాలు, నాలుగు ఫౌల్స్

నాకు లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఎవరికైనా ఫోన్ చేసి "ఎలా ఉన్నావు?" అని అడిగితే, అవతలివాళ్లు నిజం చెప్పేస్తారేమోనని!

నవ్వకండి. మీరు అడుగుతారు, వాళ్లు "బాగున్నాం" అంటారు, మీరు "సరే, ఉంటా" అంటారు. అంతవరకు క్షేమం. ఖర్మ కాలి ఒకరోజు అవతలి మనిషి "బాలేను" అన్నాడనుకోండి, అప్పుడేం చేస్తారు? స్టవ్ మీద పాలు, చంకలో పిల్ల, చెవికీ భుజానికీ మధ్య ఫోను! ఆ "బాలేను"ని తీసుకెళ్లి ఎక్కడ పెట్టుకుంటారు?

అందుకే ఢంకా బజాయించి చెబుతున్నాను. ఈ కాలం మనకిచ్చిన అసలైన వరం బాస్కెట్‌బాల్ మ్యాచ్ గణాంకాల పట్టిక!

మా తమ్ముడు ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆడతాడు. ఆడతాడు అంటే, జట్టులో ఉంటాడు. ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి. ఇంట్లో వాణ్ణి నిచ్చెన అంటాం. ఒక రోజంతా రైల్లో కూర్చుంటే గానీ చేరలేని ఊళ్లో ఉంటాడు. అయితేనేం? మ్యాచ్ అయిన మర్నాడు పొద్దున, పాలు పొంగేలోపు పట్టిక నా ఫోన్లోకి వచ్చేస్తుంది. ఎన్ని నిమిషాలు ఆడాడు, ఎన్ని బంతులు బుట్టలో వేశాడు, ఎన్ని వదిలేశాడు, ఎంతమందికి అడ్డం పడ్డాడు. ఒక్క మనిషి గురించి పద్నాలుగు గడులు! మీ తోడబుట్టినవాళ్ల గురించి మీకు ఎన్ని గడులు తెలుసు?

ఇదివరకు వారం వారం ఫోన్ చేసేదాన్ని.

"ఎలా ఉన్నావురా నిచ్చెనా?"

"బాగున్నానక్కా."

"తిన్నావా?"

"ఆఁ."

"ఏం తిన్నావు?"

"అదే."

ఈ "అదే" అనే పదార్థాన్ని ఎవరు వండుతారో, అందులో ఉప్పు ఉంటుందో ఉండదో నాకు ఈ రోజుకీ తెలియదు. చివరికి వాడే విసుక్కున్నాడు. "ఎందుకక్కా ప్రతిసారీ? పొద్దున్నే నెట్‌లో అన్నీ వేస్తారుగా, చూసుకో!"

చూసుకుంటున్నాను.

నేను చదివింది ఎనిమిదో తరగతి సగం వరకే. శాతాల పాఠం మొదలయ్యేలోపే బడి మానేశాను. అయినా పట్టిక చదవడంలో మా ఇంటిని కొట్టేవాళ్లు లేరు. గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని పట్టే రీబౌండ్లు మూడు దాటాయా, వాడికి నిద్ర బాగా పట్టినట్టు. పక్కవాడికి బంతి అందించి బుట్టలో వేయించిన అసిస్ట్ ఒకటి కనబడిందా, జట్టులో ఎవరితోనో స్నేహం కుదిరినట్టు. ఫ్రీ త్రోలు రెండుకు రెండూ పోయాయా, ఒళ్లు కాలిపోతున్నట్టు! మా అత్తయ్య ఇంకా లోతుకు వెళతారు. ఒకసారి వాడు రెండుసార్లు బంతి చేజార్చుకున్నాడని చూసి, "కుర్రాడు ఎవరినో ప్రేమించాడే అమ్మాయ్, చేతుల్లో పట్టు తప్పింది" అని తేల్చేశారు. పెళ్లికూతురు ఎత్తు గురించి ఆ రోజంతా బెంగపెట్టుకున్నారు కూడా.

మా ఆయన కళ్లద్దాల కొట్లో పనిచేస్తారు. పట్టిక చివర ప్లస్-మైనస్ అని ఒక గడి ఉంటుంది. మనవాడు ఆటలో ఉన్నంతసేపు జట్టు ఎన్ని పాయింట్లు ముందుకెళ్లిందో, ఎన్ని వెనకబడిందో చెప్పే అంకె అది. అక్కడ మైనస్ పదకొండు చూసి ఈయన బెంబేలెత్తిపోయారు. "మైనస్ పదకొండే! ఇంత పవర్ పెట్టుకుని మీ తమ్ముడికి బంతి ఎలా కనబడుతోందే?" ఆ సాయంత్రమే దళసరి అద్దాలు ఒక జత పార్సిల్ చేశారు. తర్వాతి మ్యాచ్‌లో మైనస్ రెండు! వారం రోజులు ఆయన కాలర్ కిందికి దిగలేదు.

ఇక వాడి అసలు ఘనత చెప్పలేదు కదూ? మూడు నిమిషాలు, నాలుగు ఫౌల్స్! నిమిషానికి ఒకటికి పైనే. జట్టులో ఇంకెవరికీ ఆ రికార్డు లేదు. వీధంతా చెప్పుకొచ్చాను. ఎదుటి జట్టులో భారీ మనిషి ఎవరైనా ఉంటే, అతనికి అడ్డం పడి దెబ్బలు తినడానికే మనవాణ్ణి దింపుతారని తర్వాత తెలిసింది. అప్పటికి వీధంతా చెప్పేశాను కాబట్టి వెనక్కి తీసుకోలేదు.

చాలాసార్లు వాడి పేరు పక్కన అంకెలే ఉండవు. "ఆడలేదు: కోచ్ నిర్ణయం" అని ఉంటుంది. ఇంతకంటే శుభవార్త ఉంటుందా? ఆడని కాలు బెణకదు. ఆడని మోచెయ్యి విరగదు. ఆ రోజు నా బీపీ కూడా ఆడదు!

ఇంత మంచి పద్ధతిని ఇంట్లో పెట్టకుండా ఎలా ఉంటాను? ఎనిమిది నెలల మా బుజ్జిదానికి పట్టిక మొదలుపెట్టాను. చెంచా ప్రయత్నాలు పద్నాలుగు. నోట్లో పడినవి మూడు. అత్తయ్య చీర మీద పడినవి పదకొండు. స్టీల్స్, అంటే లాక్కున్నవి, ఒకటి: వాళ్ల నాన్న కళ్లజోడు. పిల్లల డాక్టరమ్మ ముందు నాలుగు వారాల పట్టికలు పరిచాను. ఆవిడ ఓపిగ్గా అన్నీ తిరగేసి, "పాప బంగారంలా ఉందమ్మా. మీరెలా ఉన్నారు?" అన్నారు.

"నా పట్టిక తేలేదండీ" అన్నాను.

ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఫ్రిజ్ తలుపు మీద పట్టిక అంటించాను. అత్తయ్య కళ్లజోడు సర్దుకుని చూశారు. "నాకెన్ని నిమిషాలు వేశావు?"

"ఇవాళ మీరు వంటింట్లోకి రాలేదు కదా అత్తయ్యా."

"రానిచ్చావా?"

సాయంత్రానికి తన పేరు ఎదురుగా ఆవిడే రాసుకున్నారు. "ఆడలేదు: కోడలి నిర్ణయం."

ఇలా అందరం లెక్కప్రకారం సుఖంగా ఉండగా, వరసగా తొమ్మిది మ్యాచ్‌లు మా నిచ్చెన ఆడలేదు. కోచ్ నిర్ణయం. పదో మ్యాచ్ పట్టికలో వాడి పేరే లేదు! పన్నెండు పేర్లూ ఉన్నాయి. పన్నెండోది ఇంకెవరిదో. అడుగున "జట్టు మొత్తం" దగ్గర ఎనభై ఆరు పాయింట్లు. కూడి చూసుకున్నాను, సరిగ్గా సరిపోయింది. మావాడు లేకపోయినా ఒక్క అంకె తగ్గలేదు.

"పేరే లేకపోతే ఎలా చదవాలే?" అన్నారు మా ఆయన.

"చదివింది చాల్లే, ఫోన్ చెయ్యి" అన్నారు అత్తయ్య.

మూడు రోజులుగా చేస్తున్నాను. మోగుతుంది, ఎత్తడు. జట్టు ఆఫీసుకు చేస్తే, "ఆటగాళ్ల వివరాలన్నీ వెబ్‌సైట్‌లో ఉన్నాయి మేడమ్, చూసుకోండి" అన్నారు. వాళ్లనేమనను? నా వాదనే నాకు అప్పజెప్పారు.

ఏ పట్టికలోనూ ఎక్కని సంగతి ఒకటుంది. నాలుగు నెలల కింద ఒక మధ్యాహ్నం వాడే ఫోన్ చేశాడు. "అక్కా, నిజం చెప్పనా?" అన్నాడు.

"ఉండరా, బుజ్జిది ఏడుస్తోంది. మళ్లీ చేస్తా" అని పెట్టేశాను.

బుజ్జిది నిద్రపోతోంది.

అమ్మ పోయేనాటికి నాకు పద్నాలుగు, వాడికి ఎనిమిది. నా పుస్తకాలు అక్కడ ఆగాయి, వాడి ఆట బూట్లు అక్కడ మొదలయ్యాయి. ఇప్పుడు వాడు "నాకీ ఆట వద్దక్కా" అంటే, ఆ సగం ఎనిమిదో తరగతిని నేను ఎక్కడ పెట్టుకోను? అందుకే మళ్లీ చెయ్యలేదు. పద్నాలుగు గడులు చూసుకుంటూ కూర్చున్నాను.

బుజ్జిదానికి ఒళ్లు వెచ్చగా ఉంది. ఈసారి నిజంగానే. తగ్గగానే రైలెక్కుతాను. ఈలోగా, మీలో ఎవరైనా ఆ ఊళ్లో ఉంటే ఒక్కసారి వెళ్లి చూడండి. స్టేడియం వెనక బేకరీ, దాని పైన రెండో అంతస్తు, చివరి గది. తలుపు తీసి, తల వంచి మీవంక చూసేవాడే మా తమ్ముడు. స్కోరు అడక్కండి. ఎలా ఉన్నావని అడగండి. "బాగున్నా" అంటాడు, నమ్మేసి వచ్చేయకండి. లోపలికెళ్లి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చోండి. మొదటి మూడు నిమిషాలు పెదవి విప్పడు, వాడికి అలవాటైన టైము అంతే. విప్పాక, నాకు ఫోన్ కలిపి వాడి చేతికివ్వండి. బుజ్జిది గుక్కపెట్టి ఏడుస్తున్నా సరే, ఈసారి నేను పెట్టెయ్యను. మీరు మాత్రం దయచేసి నాలుగో నిమిషం దాకా కూర్చోండి.