అభ్యంతరం లేదు, అయితే...

ఆ రోజు ఉదయం అనుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదిన్నరకి ఇల్లు కదలడం, పదింటికి వీసా ఆఫీసులో కాగితాలు ఇవ్వడం, భోజనాల వేళకి ఇంటికొచ్చేయడం. ఇంత చిన్న ప్లానులో తప్పు జరగడానికి చోటెక్కడుందని ఎవరైనా అనుకుంటారు. కొర్రీగారిని ఎరిగినవాళ్ళు మాత్రం అనుకోరు.

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. ఇళ్ళ ప్లాన్లు మంజూరు చేసే సెక్షన్‌కి సూపరింటెండెంటు అయ్యాక ఆ పేరు జీతం బిల్లులో మాత్రమే మిగిలింది. వచ్చిన ప్రతి ఫైలు మీదా ఏదో ఒక కొర్రీ వేసి వెనక్కి పంపితే తప్ప ఆయనకు మధ్యాహ్నం అన్నం సహించదు. ఒకాయన బాల్కనీ కట్టుకుంటానని అర్జీ పెట్టుకుంటే, "సదరు బాల్కనీ నీడ ఎవరి స్థలములో పడునో తెలుపవలెను" అని రాశారు. పాపం అతను నీడ కొలిపించి తెచ్చేసరికి, "ఏ నెలలోని నీడ?" అని రాశారు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషని ఊరంతా అనేది గానీ, లంచం అడిగారని ఒక్కరూ అనలేదు. అడిగి ఉంటే బాగుండేదని మాత్రం చాలామంది అన్నారు.

ఆయన భార్య వీధి చివర బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది. ఈ నెలాఖరున సముద్రం అవతలి దేశంలో ఆవిడ చెల్లెలి పెళ్ళి. చెల్లెలికి నలభై ఆరేళ్ళు. ఇన్నాళ్ళూ పెళ్ళి మాటెత్తితే వద్దు వద్దని, ఇప్పుడెవరో మంచి మనిషి తారసపడేసరికి వద్దనడం మానేసింది. అమ్మానాన్నా లేరు. పుట్టింటి తరఫున నిలబడే మనిషి అక్క ఒక్కతే. పెళ్ళిబట్టలు కుట్టింది కూడా అక్కే. అవి ఇస్త్రీ అయి పెట్టెలో పడుకుని ప్రయాణం కోసం ఎదురుచూస్తున్నాయి.

ఇద్దరి వీసాలకీ కావలసినవన్నీ కొర్రీగారే స్వయంగా సిద్ధం చేశారు. భార్య ఫొటో ఇస్తే, "చెవులు సమముగా కనబడుటలేదు" అని చీటీ రాసి, హాల్లోంచి వంటింట్లోకి తిప్పి పంపారు. ఆ దెబ్బతో ఆవిడకు జ్ఞానోదయమైంది. పాస్‌పోర్టు ఇవ్వమని అడిగినప్పుడు, "కొట్లో ఉండిపోయిందండీ, దారిలో తీసుకుందాం" అని చెప్పి, దాన్ని హ్యాండ్‌బ్యాగులో అడుగున పెట్టి జిప్పు లాగేసింది.

బయల్దేరే ముందు కొర్రీగారు ఫైలు ముందేసుకుని ఆఖరిసారి సరిచూశారు. చేతిలో ఎర్ర పెన్ను. ఆహ్వాన పత్రం: టిక్కు, పొట్టి సంతకం. బ్యాంకు స్టేట్‌మెంటు: టిక్కు, పొట్టి సంతకం. చెయ్యి మంచి జోరు మీద ఉంది. "ఏమండీ, టాక్సీ వచ్చి ఎంతసేపైంది!" అని గుమ్మంలోంచి కేక వినబడేసరికి, మిగిలిన ఒక్క పత్రాన్నీ గబగబా చూసేసి, చెయ్యాల్సింది చేసేసి ఫైలు మూశారు.

వీసా ఆఫీసులో అద్దం వెనకాల కౌంటరు అమ్మాయి కాగితాలు ఒక్కొక్కటే తిప్పి, పాస్‌పోర్టు దగ్గర ఆగిపోయింది.

"సార్, ఇదేంటి?"

"పాస్‌పోర్టు."

"అది తెలుసండీ. దీనిమీద రాసిందేంటి?"

కొర్రీగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. తన ఫొటో పక్కనే ముత్యాల్లాంటి ఎర్రటి అక్షరాలు: "ఫొటో మసకగా యున్నది. అర్జీదారుని ముఖముతో సరిపోలుటలేదు. వివరణ కోరవలెను." కింద పొట్టి సంతకం, తేదీ.

"ఈ ఫొటోలో ఉన్నది మీరు కాదని ఎవరో రాశారు సార్."

"ఎవడు వాడు?" అన్నారు కొర్రీగారు ఉగ్రంగా.

"సంతకం మీదే."

వెనక క్యూలో ఎవరో దగ్గు నటించారు. కొర్రీగారు ఓడిపోయే రకం కాదు. "రాసిందాంట్లో తప్పేముందమ్మా? ఫొటో మసగ్గా లేదూ? నువ్వే చెప్పు."

"మసగ్గానే ఉంది సార్. కానీ మీరు రాయకముందు చెల్లేది." ఆ అమ్మాయి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని మిగతాది కూడా చెప్పింది. ఇది పాడైన పాస్‌పోర్టు కింద లెక్క. కొత్తది తీసుకోవాలి. అందుకు ముందు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఎవరు పాడుచేశారో రాయించుకోవాలి.

భార్య హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగి తన పాస్‌పోర్టు అద్దం కిందనుంచి తోసింది. అది పుట్టినప్పటిలాగే శుభ్రంగా ఉంది.

"మీకే ఇబ్బందీ లేదు మేడమ్. కాకపోతే ఖర్చంతా సార్ అకౌంట్లోంచి కదా. ఆయన రావట్లేదు కాబట్టి, మీ ప్రయాణానికి తనకు అభ్యంతరం లేదని ఒక్క ముక్క రాసివ్వాలి. నాలుగింటిలోపు తెస్తే ఇవాళే పంపిస్తా. లేదంటే మళ్ళీ అపాయింట్‌మెంట్ వచ్చే నెలే."

"ఏమండీ, ఆ ముక్కేదో ఇక్కడే రాసివ్వండి," అంది భార్య.

"ఉండు. నేను లేకుండా నువ్వొక్కదానివీ ఎలా వెళ్తావు? ముందు నా సంగతి తేలనీ," అని కొర్రీగారు పోలీస్ స్టేషన్‌కి దారితీశారు. ఇందులో ఇంకో చిన్న చిక్కు ఉంది, అది ఆయన పైకి చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన ఏ కాగితం మీదా "అభ్యంతరం లేదు" అని రాసి ఎరగరు.

స్టేషన్‌లో రైటర్ నిదానస్తుడు. కాగితానికి అంచు మడిచి, పెన్ను విదిలించి మొదలుపెట్టాడు.

"ఫిర్యాదు ఎవరిది?"

"నాదే."

"పాడుచేసిందెవరు?"

కొర్రీగారు గొంతు సవరించుకున్నారు. "నేనే."

రైటర్ తలెత్తాడు. "మీకూ మీకూ పాతకక్షలేమైనా ఉన్నాయా సార్?"

"లేవు."

"ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లోనే కదా? కూర్చుని రాజీ పడకపోయారా?"

"నేనూ చాలా ఏళ్ళుగా చెప్పి చూస్తున్నానండీ," అంది భార్య బెంచీ మీంచి.

రైటర్ రాయడం పూర్తిచేసి, చదివి సంతకం పెట్టమని కాగితం ఇచ్చాడు. అలా ఇవ్వకుండా ఉండాల్సింది. కొర్రీగారు చదువుతుండగానే చెయ్యి జేబులోకి పోయింది. "'దురుద్దేశముతో పాడుచేసినాడు' అంటారేమిటండీ? 'సదుద్దేశముతో వ్యాఖ్యానించినాడు' అనాలి," అంటూ పోలీసు కాగితాన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి ఎర్రగా కొట్టిపారేశారు.

రైటర్ ఆ గీత వంక చాలాసేపు చూశాడు. "ఇది రెండో కేసవుతుంది సార్," అన్నాడు. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని మళ్ళీ చదివాడు. అతని మొహం మెల్లగా విప్పారింది. "కానీ మాట బావుందండోయ్! 'వ్యాఖ్యానించినాడు'. మా వాళ్ళకి ఇలాంటివి తట్టి చావవు."

ఇక అక్కణ్ణుంచి ఇద్దరూ ఒకటైపోయారు. పాస్‌పోర్టు మీదున్నది రాతా, గీతా అన్నదాని మీద కాసేపు. 'నిందితుడు' అనాలా, 'సదరు వ్యక్తి' అనాలా అన్నదాని మీద కాసేపు. మూడో ప్రతి తయారైంది, అందులో కామా ఎక్కువైందని నాలుగోది మొదలైంది. రైటర్ టీ తెప్పించాడు. అన్ని ఏళ్ళ ఉద్యోగంలో తన రాతని ఇంత శ్రద్ధగా చదివిన మనిషి దొరకలేదని అతని ఆనందం. గోడగడియారంలో మూడు దాటింది.

భార్య లేచి నిలబడింది.

"అక్కడ దానికి నలభై ఆరేళ్ళకి ఒక పెళ్ళి. అబ్బాయి వైపు ఇరవై మంది నిలబడతారట. ఇటువైపు ఒక్కరూ లేకపోతే అది ఎవరి వంక చూడాలండీ? వేసుకోడానికి బట్టలు కూడా నా పెట్టెలోనే ఉన్నాయి!"

గొంతు చివర్లో జీరబోయింది. ఆవిడకు ఏడుపొస్తోందని కొర్రీగారికి అప్పుడు తెలిసింది. తెలిశాక ఆయనకు నిజంగానే సిగ్గేసింది. రైటర్ కామా వదిలేసి, ఒక తెల్లకాగితం, తన నీలం పెన్నూ ఆయన ముందుకు జరిపాడు. "రాసివ్వండి సార్. కేసెక్కడికీ పోదు."

కొర్రీగారు రాశారు. "నా భార్య ప్రయాణమునకు నాకు అభ్యంతరం లేదు, అయితే వాతావరణము, ఆరోగ్యము, తోడు మొదలగు విషయములలో..."

భార్య ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను లాగింది. 'అయితే' దగ్గర్నుంచి అంతా కొట్టేసి, పక్కన రాసింది: "'అయితే' యొక్క అవసరము తెలుపవలెను."

రెండోసారి "అభ్యంతరం లేనట్లే" అని రాశారు. "లేదా, లేనట్లా? స్పష్టము చేయవలెను" అని తిరిగొచ్చింది. రైటర్ నోరు తెరిచి చూస్తున్నాడు.

కొర్రీగారు కాగితం వంక తలదించుకున్నారు. "నెల్లాళ్ళు నువ్వు లేకుండా ఆ ఇంట్లో నాకు ఎలా పొద్దుపోతుందో తెలీట్లేదు. అసలు కొర్రీ అదీ," అన్నారు మెల్లిగా.

ఆవిడ ఎర్ర పెన్ను కిందికి దించింది. "అది కాగితం మీద అక్కర్లేదు. నాకు చెప్పారు, చాలు. రాయండి."

"నాకు అభ్యంతరం లేదు" అని రాశారాయన. కింద పొట్టిది కాదు, పొడుగు సంతకమే పెట్టారు. ఆవిడ దానిమీద చిన్న ఎర్ర టిక్కు కొట్టి, పెన్ను తన హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని, ఆయన్ని రెక్క పట్టుకుని టాక్సీ ఎక్కించింది.

కౌంటరు మూసేస్తుండగా అద్దం కిందనుంచి ఉత్తరం లోపలికి వెళ్ళింది. "ఈ ఎర్ర టిక్కు ఎవరు పెట్టారు సార్?" అంది ఆ అమ్మాయి అనుమానంగా.

"పై అధికారి," అన్నారు కొర్రీగారు.

వీసా వచ్చింది. పెళ్ళి జరిగింది. ఫొటోల్లో అటువైపు ఇరవై మంది, ఇటువైపు అక్క. వరుస చూస్తే ఇటువైపే నిండుగా ఉందని కొర్రీగారు పక్కింటివాళ్ళకి చూపించి మరీ చెప్పారు. ఆవిడ ఇంకా తిరిగి రాకముందే ఆయన కొత్త పాస్‌పోర్టు కూడా పోస్టులో వచ్చింది. ఫొటో పాతదానికంటే మసగ్గా ఉంది. ఆయన దాన్ని దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు, అలవాటుకొద్దీ జేబు తడుముకున్నారు. జేబు ఖాళీ. పెన్ను ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయి, విమానమెక్కి, సముద్రం దాటేసింది.

దాన్ని మాత్రం ఎక్కడా ఎవరూ వీసా అడగలేదు.