పద్దెనిమిది సెంటీమీటర్లలో నిండే ట్యాంకు

విశ్వవిద్యాలయంలో విద్యార్థులు కూడా ఉంటారన్న విషయాన్ని ఈ ఏడాది అధికారికంగా గుర్తించారు. ఇందుకు మనం తనిఖీ బృందానికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పాఠ్యగ్రంథాల తయారీలో మీ విద్యార్థుల పాత్ర ఏమిటని ఆ బృందం అడిగినప్పుడు, పాలకవర్గంలోని తలపండిన పెద్దలంతా కాసేపు నీళ్ళు నమిలి, చివరికి “కొనడం” అని జవాబిచ్చారట. బృందం పెదవి విరిచింది. పదిహేను రోజులు తిరక్కుండానే “అధ్యాపక విద్యార్థి భాగస్వామ్య పాఠ్యగ్రంథ రూపకల్పన పథకం” వెలువడింది. ఇకమీదట డిగ్రీ విద్యార్థులు అధ్యాపకులతో భుజం భుజం కలిపి పాఠ్యగ్రంథాలు తయారుచేస్తారు. రెండు భుజాల మధ్య పాటించవలసిన దూరాన్ని అనుబంధంలో పొందుపరిచారు.

ప్రతి గ్రంథానికీ ఇద్దరు విద్యార్థి భాగస్వాములుండాలి. ఒకరు తరగతిలో మొదటివారు, రెండోవారు తప్పినవారు. తరగతిలో మొదటివాళ్ళందరూ పాత నోట్సు బట్టీ పట్టడంలో తలమునకలై ఉన్నందున కొత్త నోట్సు తయారీకి తీరిక లేదని అర్జీ పెట్టుకున్నారు. అర్జీని సానుభూతితో పరిశీలించి మన్నించారు. ఆ విధంగా విశ్వవిద్యాలయ విజ్ఞాన భాండాగారాన్ని తిరగరాసే భారం తప్పిన విద్యార్థుల మీద పడింది.

నీటి సరఫరా శాఖలో అలా ఎంపికైన అమ్మాయిని తోటివాళ్ళు “నాలుగ్గంటలు” అని పిలిచేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. మొదటి సంవత్సరం పేపరులో ఒక లెక్క ఉంటుంది. ఆరువేల లీటర్లు పట్టే ట్యాంకులోకి నిమిషానికి ముప్ఫై లీటర్ల నీళ్ళు వస్తున్నాయి, అడుగున చిల్లు వల్ల నిమిషానికి అయిదు లీటర్లు పోతున్నాయి, ట్యాంకు ఎంతసేపటిలో నిండును? ఇరవై మార్కులు. తప్పనిసరి ప్రశ్న, ఇది పోతే పేపరే పోయినట్టు. పంతొమ్మిదేళ్ళుగా ఏటా అదే వస్తోంది. విశ్వవిద్యాలయం ఆమోదించిన జవాబు, పద్దెనిమిది సెంటీమీటర్లు.

ఎంతసేపని అడిగితే సెంటీమీటర్లేమిటని మీకు సందేహం రావచ్చు. మీరు ఆ శాఖలో చేరకపోవడం వల్ల వచ్చిన సందేహం అది. చేరినవాళ్ళకు మొదటి వారంలోనే సీనియర్లు తీర్చేస్తారు. “ఇరవై మార్కులురా” అంటారు, అంతే. ఒక పూర్వ విద్యార్థి మరింత లోతుకు వెళ్ళి, ట్యాంకులలో కాలం పొడవుగా పరిణమించు విధానంపై నాలుగు వందల పేజీల సిద్ధాంత గ్రంథం రాసి డాక్టరేటు పుచ్చుకున్నాడు. ఇప్పుడు ఆ శాఖలోనే పనిచేస్తున్నాడు. అతన్ని అందరూ సెంటీమీటర్ల డాక్టరుగారని గౌరవంగా పిలుస్తారు.

మన అమ్మాయి మాత్రం నాలుగు గంటలని రాసింది. తప్పింది. రెండోసారి కూడా నాలుగు గంటలనే రాసి, కింద రెండు గీతలు గీసింది. దిద్దినవారు ఎర్రసిరాతో మూడు గీతలు గీసి సున్నా వేశారు. మూడోసారి తప్పితే కోర్సు నుంచి పంపించేస్తారని నిబంధన. ఆ మూడో పరీక్ష ఈ టర్ము చివర్లో ఉంది.

ఆ పిల్ల మొండితనానికి మూలం ఇంట్లోనే ఉంది. తండ్రి ప్లంబరు. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో వాళ్ళ మిద్దెల మీద ట్యాంకులు బిగిస్తూ, నిండేదాకా పక్కనే కూర్చుని చూసి వచ్చే మనిషి. మొదటిసారి తప్పినప్పుడు ఆయన ప్రశ్నపత్రం చేతిలోకి తీసుకుని, గోడకానుకుని వేళ్ళ మీద లెక్కేసి, “నాలుగ్గంటలే కదమ్మా, ఇంకేముంది ఇందులో” అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె రెండోసారి కూడా తప్పింది.

అందుకే భాగస్వామిగా ఎంపికైనట్టు కాగితం రాగానే ఆమె ఎగిరి గంతేసింది. పథకంలో పదకొండో నిబంధన ప్రకారం, కొత్త గ్రంథంలో ఏ జవాబు ఉంటే దాన్నిబట్టే ఈసారి పేపర్లు దిద్దుతారు. గ్రంథంలో నాలుగు గంటలు చేరితే చాలు, ఆమె చదువు నిలబడుతుంది. తండ్రి లెక్క కూడా నిలబడుతుంది.

గ్రంథకర్త పెద్ద ఆచార్యులవారు. మంచివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. పంతొమ్మిదేళ్ళుగా ఒకే నోటుపుస్తకంలోంచి కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పాఠం చెప్పి రాయిస్తాడు. దాన్ని ఆయన పాలిథిన్ కవరులో చుట్టి, సంచిలో పెట్టి, సంచిని గుండెకు హత్తుకుని తరగతికి వస్తాడు. చదవడం మొదలుపెట్టాక తల ఎత్తడు. తల ఎత్తితే ఎక్కడున్నాడో తప్పిపోతాడని ఆయన భయం.

భాగస్వామ్య సమావేశాలు మూడు జరిగాయి. మొదటి సమావేశంలో అట్ట రంగు గురించి విద్యార్థి భాగస్వామి అభిప్రాయం అడిగారు. ఆమె ఆకుపచ్చ అంది. అభిప్రాయాన్ని అభినందించి నీలం ఖాయం చేశారు. రెండో సమావేశంలో ఆమె, ఆచార్యులవారు ఒకే పుస్తకంలోకి చూస్తున్నట్టు ఫోటో తీశారు. ఆ రోజు నోటుపుస్తకం అందుబాటులో లేనందున టెలిఫోను డైరెక్టరీలోకి చూశారు. మూడో సమావేశంలో పని విభజన జరిగింది. ఆలోచన ఆచార్యులవారిది, టైపు చేయడం విద్యార్థినిది. ఇద్దరికీ పని సమానంగా పంచినట్టు మినిట్సులో రాసుకున్నారు.

టైపు చేయడానికి నోటుపుస్తకం ఆమె చేతికివ్వక తప్పలేదు. ఇచ్చేటప్పుడు ఆచార్యులవారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికి తీసుకెళ్ళి వంటింటి బల్ల మీద పెట్టి ఒక్కో పేజీ తిప్పుతుంటే, ట్యాంకు లెక్క దగ్గర ఒక కాగితం చేతికి మందంగా తగిలింది. వెలుగుకు పట్టి చూస్తే అది ఒక కాగితం కాదు, రెండు. ఎప్పుడో టీ ఒలికి అంటుకుపోయాయి.

తండ్రి దాన్ని చూసి, కెటిల్లో నీళ్ళు మరిగించి, ఆ ఆవిరి మీద కాగితాలను కాస్త దూరంగా పట్టుకున్నాడు. పైపుల మరలు విప్పే చేతులవి. తొందరపడితే ఏదైనా విరుగుతుందని వాటికి తెలుసు. అరగంటకు కాగితాలు విడిపోయాయి. లోపలి పేజీల్లో అక్షరాలు చెక్కుచెదరలేదు. ఒక పేజీ చివర ఆచార్యులవారి చేతిరాతతోనే ఉంది, కావున ట్యాంకు నాలుగు గంటలలో నిండును. పక్క పేజీలో ఇంకో లెక్క మొదలవుతోంది, అట్టి ట్యాంకు గోడ మందం ఎంత ఉండవలెను? కాగితం తిప్పితే కనిపించే ఆ రెండో లెక్క జవాబే పద్దెనిమిది సెంటీమీటర్లు.

విషయం ఇంత చిన్నది. పంతొమ్మిదేళ్ళుగా ఆచార్యులవారు రెండు కాగితాలు కలిపి తిప్పుతున్నారు. ఒక లెక్క మొదలుపెట్టి ఇంకో లెక్క ముగిస్తున్నారు. కొన్ని వేలమంది దాన్ని తు.చ. తప్పకుండా రాసి, ఫస్టు క్లాసులో బయటపడి, ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. అమ్మాయి ఆ పేజీని చూస్తూ చాలాసేపు నవ్వింది. తర్వాత, రెండేళ్ళుగా తను పడ్డ అవమానం గుర్తొచ్చి ఏడ్చింది. తండ్రి పొయ్యి కట్టేశాడు.

మర్నాడు ఆమె విడిపోయిన పేజీలు తీసుకెళ్ళి ఆచార్యులవారి ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివాడు. ముఖం కాసేపు వెలిగింది.

“ఎంత గుండ్రంగా రాసేవాణ్ణమ్మా అప్పట్లో” అన్నాడు.

“నాలుగ్గంటలే కద సార్?”

“నాలుగ్గంటలే” అని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. “కానీ దీన్ని నేనొక్కణ్ణి మార్చలేను. పాఠ్యగ్రంథాల కమిటీకి పెడదాం.”

కమిటీలో ఏడుగురు. వారిలో నలుగురు ఆ ట్యాంకు లెక్కలో ఇరవైకి ఇరవై తెచ్చుకున్నవారు. సెంటీమీటర్ల డాక్టరుగారు అయిదోవారు. విషయం తీవ్రత దృష్ట్యా డీనుగారే స్వయంగా అధ్యక్షత వహించారు.

“సత్యం ముఖ్యమే, నేను కాదనను” అని ఆయన ప్రారంభించారు. “అయితే సత్యానికి తొందరుండదు. సంస్థకు ఉంటుంది. ఇవాళ నాలుగు గంటలని ఒప్పుకుంటే, రేపు ఇంకో పుస్తకంలో ఇంకో రెండు కాగితాలు విడదీస్తారు. అలా విడదీసుకుంటూ పోతే విజ్ఞానంలో మిగిలేదేమిటి? ఈ పంతొమ్మిదేళ్ళలో ఒక్క ట్యాంకయినా మన జవాబు మీద ఫిర్యాదు చేసిందా?”

ఏ ట్యాంకూ ఫిర్యాదు చేయలేదని రికార్డులు పరిశీలించి నిర్ధారించారు. డాక్టరుగారు లేచి, నాలుగు గంటలన్నది మొరటు ఊహ అనీ, దాన్ని లోతుగా పరిశోధిస్తే పద్దెనిమిది సెంటీమీటర్లే తేలుతుందనీ వివరించారు. వివరిస్తున్నంతసేపూ ఆయన తన సిద్ధాంత గ్రంథాన్ని చంకలోంచి దించకపోవడం అమ్మాయి చూసింది. పాపం, నాలుగు వందల పేజీలు.

అమ్మాయి లేచి నిలబడింది. గంటలడిగితే సెంటీమీటర్లు ఎలా చెప్తాం సార్ అని అడిగింది. ఒక డిగ్రీ విద్యార్థిని కమిటీని ఇంత స్వేచ్ఛగా ప్రశ్నించగలగడం పథకం సాధించిన మొదటి విజయమని డీనుగారు హర్షం వ్యక్తం చేసి, ఆ ప్రశ్నను మినిట్సులో నమోదు చేయమన్నారు. నమోదు చేశారు. “విద్యార్థి భాగస్వామి సంతృప్తి ప్రకటించారు” అని రాశారు.

చివరికి అందరూ ఆచార్యులవారి వైపు తిరిగారు. ఈ చేతిరాత మీదేనా అని అడిగారు. ఆయన అవునన్నాడు. రాసినప్పుడు మీ హోదా ఏమిటని అడిగారు. ఆయన అమ్మాయి వైపు చూడలేక, బల్ల మీది నీళ్ళగ్లాసు వైపు చూస్తూ, “అప్పటికి నేను తాత్కాలిక ఉద్యోగినండీ” అన్నాడు. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సర్వీసు క్రమబద్ధం కాని వ్యక్తి కట్టిన లెక్క విశ్వవిద్యాలయాన్ని కట్టిపడేయజాలదు. క్రమబద్ధమయ్యాక ఆయన ఏటా చెబుతూ వచ్చినది పద్దెనిమిది సెంటీమీటర్లు. కాబట్టి అదే ప్రామాణికం. అయినప్పటికీ భాగస్వామ్య స్ఫూర్తిని గౌరవిస్తూ, నాలుగు గంటలను “విద్యార్థి దృక్కోణం” అన్న శీర్షికతో గ్రంథం చివర, అచ్చుతప్పుల పట్టికకు పక్కన, చిన్న అక్షరాలతో వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. విడిపోయిన రెండు కాగితాలనూ కార్యాలయపు జిగురుతో యథాస్థితికి తెచ్చారు.

గ్రంథావిష్కరణ ఘనంగా జరిగింది. నీలం అట్ట మీద “ఒక విద్యార్థిని సహకారంతో” అని వేశారు. ఆమె పేరు గోప్యత దృష్ట్యా వేయలేదు. ఫోటో మాత్రం సగం అట్ట ఆక్రమించింది. తనిఖీ బృందం మళ్ళీ వచ్చి, ఆ ఫోటోను పదే పదే చూసి, పథకాన్ని మిగతా శాఖలకూ విస్తరించాలని సిఫారసు చేసింది. ఆమెకు ప్రశంసాపత్రం ఇచ్చారు. నీటి సరఫరా పేపరులో విశేష కృషి చేసినందుకు అని ఉంది అందులో. అదే పేపరులో ఆమె రెండుసార్లు తప్పి ఉన్న సంగతి ఇచ్చినవారికీ గుర్తులేదు, చప్పట్లు కొట్టినవారికీ గుర్తులేదు.

పది రోజులకు మూడో పరీక్ష వచ్చింది. హాల్లో పర్యవేక్షణకు ఆచార్యులవారినే వేశారు. మిగతా ప్రశ్నలన్నీ ముగించి ఆమె ట్యాంకు దగ్గరికొచ్చింది. వచ్చే నీళ్ళు ముప్ఫై, పోయేవి అయిదు, నిలిచేవి ఇరవై అయిదు. అంతవరకూ రాసి కలం ఆపింది. కిటికీలోంచి ఎదురింటి మిద్దె మీద నల్లటి ట్యాంకు కనిపిస్తోంది. దాన్ని ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. ఆచార్యులవారు వరసల మధ్య నడుస్తూ వచ్చి, ఆమె పక్కన ఆగి, కాగితం మీదికి వంగాడు.

“నీ లెక్క కరెక్టేనమ్మా” అన్నాడు మెల్లగా. “సెంటీమీటర్లు మాత్రం మర్చిపోకు.”

ఆ మాట ఆయన ప్రేమతోనే అన్నాడు. తిట్టి ఉంటే ఆమెకు ఇంకాస్త తేలిగ్గా ఉండేది.

ఫలితాలు వచ్చిన రోజు తండ్రి ఎవరిదో మిద్దె మీద పనిలో ఉన్నాడు. ఆమె ఫోను చేసింది.

“పాసయ్యావా?” అన్నాడు, ఆమె ఏమీ అనకముందే.

“అయ్యాను నాన్నా. ట్యాంకు లెక్కలో ఇరవైకి ఇరవై.”

అవతల ఆయన కుళాయి కట్టేసిన చప్పుడు వినబడింది. ఆయనకు అర్థమైంది. అర్థమైందని ఆమెకూ తెలిసింది.

“పోన్లే తల్లీ” అన్నాడు చివరికి. “పాసయ్యావు.”

ఆ తండ్రిని తొందరపడి ఏమీ అనకండి. పరీక్ష హాల్లో ఆ పిల్ల కలం ఆపినప్పుడు, మీరు నిజం రాయమని కోరుకున్నారా, ఎలాగైనా గట్టెక్కితే బాగుణ్ణని కోరుకున్నారా? రెండోదే అయితే మొహమాటపడకండి. పథకంలో మీరు కూడా భాగస్వాములే, మీ సంతకం కూడా అక్కర్లేదు.